మా ఆయన కిడ్నీకి పుట్టిల్లు

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్న సామెత కట్టినవాళ్లకి కిడ్నీ మార్పిడి సంగతి తెలిసుండదు. తెలిసుంటే ఆ మాట అంత తేలిగ్గా అనేవాళ్లు కాదు. నా మొగుడి ఒంట్లో పనిచేస్తున్న ఒకే ఒక్క కిడ్నీ మా ఆడబిడ్డది. ఆయనకి అక్క, నాకు వదిన.

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన్ని స్కానింగ్‌కి తీసుకెళ్లాను. ఆ కిడ్నీకి రక్తం సరిగ్గా పారుతోందో లేదో అప్పుడప్పుడూ చూపించుకోవాలి. కౌంటర్ దగ్గరి అమ్మాయి కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా, "డోనర్ ఎవరు మేడమ్?" అంది. "మా ఆడబిడ్డ" అన్నాను. "ఇప్పుడు బాగున్నారా?" అంది. మామూలుగా అడిగే మాటే. నేను సంచిలో చీటీ వెతకడం మొదలెట్టాను. వెనక కుర్చీలోంచి మా ఆయన, "మస్తుగున్నది. లోపలికి తీస్కపోతే మీరే చూస్తరు" అన్నాడు. ఆ పిల్ల తలెత్తి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. మా వదిన పోయి ఏడాది కావస్తోంది.

ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆమె ఎడమచెయ్యి గురించి చెప్పాలి. ఆపరేషన్‌లో ఆమెకి ఎడమవైపు కిడ్నీ తీశారు. అప్పటినుంచి ఎవరితో ఏ వాదన వచ్చినా ఆ చెయ్యి పోయి ఎడమ నడుం మీద టపటపా తట్టేది. అంతే, ఎదుటివాళ్ల నోరు పడిపోయేది. గ్యాస్ బండ తెచ్చే మనిషి, కూరగాయల ట్రాలీవాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, వాళ్లాయన, వాళ్లాయన అన్నదమ్ములు, ఎవరైనా సరే. పెళ్లిళ్లలో బంతి నిండిపోయి కుర్చీ దొరక్కపోయినా తట్టేది. కుర్చీ వచ్చేది.

ఒకసారి ఎల్బీ నగర్ చౌరస్తాలో కానిస్టేబుల్ మా స్కూటీ ఆపాడు. నడుపుతున్నది ఆమె. నా తలకి హెల్మెట్ ఉంది, ఆమెకి లేదు. ఆమె బండి దిగకుండానే నడుం తట్టుకుని, "ఒక్కటే ఉన్నది సార్" అంది.

"ఏం ఒక్కటే?"

"కిడ్నీ సార్. ఇంకోటి మా తమ్మునికిచ్చిన."

ఆయన తాపీగా చలానా మెషీన్ బయటికి తీస్తూ, "తలకాయ గూడ ఒక్కటే ఉన్నదమ్మా. గదన్న ఎవలికీ ఇయ్యకు" అన్నాడు.

నేను చూసినంతలో ఆ ఎడమచెయ్యి ఓడిపోయింది అక్కడొక్కచోటే. ఫైన్ కట్టి, దారంతా ఆ కానిస్టేబుల్‌ని మెచ్చుకుంటూనే వచ్చింది. మర్నాడు ఆయనకి టమాట పప్పు కూడా పంపింది. ఎందుకు వదినా అంటే, "నాకు సమాధానం చెప్పినోడు దొరికిండు, ఇడిసిపెడ్తనా?" అంది.

ఎల్బీ నగర్‌లో మెట్రో దిగాక పక్క సందులో ఆమె కర్రీ పాయింట్ ఉండేది. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కొత్తలో ఇంటి గుమ్మం ముందు నాలుగు గిన్నెలు పెట్టుకుని మొదలెట్టిందట. నా పెళ్లయ్యేనాటికే అది పెద్ద దుకాణం. కోచింగ్ పిల్లలు, లారీ బాడీలు కట్టేవాళ్లు, ఆఫీసులనుంచి అలిసిపోయి వచ్చే ఆడవాళ్లు సాయంత్రం అక్కడ గుంపు కట్టేవాళ్లు. ఆమె ఎవరినీ పేరుతో పిలవదు, కూరతో పిలుస్తుంది. "గోంగూర మటన్, జర పక్కకు జరుగు. దొండకాయా, నీ చిల్లర తీస్కో." నన్ను మాత్రం 'ఉప్పు లేని మరదలు' అనేది. మాది తెనాలి వైపు. అమ్మానాన్నలు వనస్థలిపురంలో స్థిరపడ్డారు. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాడు, నేను అక్కడే ఇంగ్లీషు చెప్పేదాన్ని. అలా జరిగింది మా పెళ్లి. నా వంటలో ఉప్పు తక్కువనేది వదిన మొదటిరోజు నుంచీ మోపిన నేరం. తర్వాత మా ఆయనకి కిడ్నీలు చెడి, డాక్టరే ఉప్పు తగ్గించమన్నప్పుడు, నేను ముందే దీనికి కుట్ర పన్నానని ప్రచారం చేసింది.

ఆ రోజుల్లో ఆయన డయాలసిస్ మీద ఉండేవాడు. నా కిడ్నీ ఇస్తానన్నాను, రక్తం గ్రూపు కలవలేదు. వదినది కలిసింది. ఎవరైనా బలవంతం చేశారేమో తెలుసుకోవడానికి ఆసుపత్రిలో డాక్టర్లు ఆమెని విడిగా కూర్చోబెట్టి అడిగారు. నేను తలుపు బయటే ఉన్నాను, ఆమె గొంతుకి తలుపులు అడ్డం కావు. "అమ్మా, మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?" అన్నారు. "చిన్నప్పుడు వీని పాలగిలాస రోజు నేనే గుంజుకుని తాగేదాన్ని సార్. గందుకే వీడు గిట్ల పుల్లలెక్కయిండు. మా అమ్మ ఉన్నన్ని రోజులు తిట్టింది. ఇగ ఇచ్చేస్తే నన్ను ఎవలు ఏమనరు" అంది. డాక్టర్లు నవ్వారో లేదో తెలీదుగానీ సంతకాలు మాత్రం పెట్టారు.

ఆపరేషన్ తర్వాత మెలకువ రాగానే ఆమె అడిగిన మొదటి మాట, "పోసిండా?" అని. మంచం మీద, మత్తు కూడా వదలకుండా. కొత్త కిడ్నీ మూత్రం తయారు చేస్తోందని నర్సు చెప్పింది. వదిన ముఖం వెలిగిపోయింది. "నాది పనిమంతురాలు. పోయినింట్ల మాట తెస్తదా?" అంది.

అక్కడ మొదలైంది. కిడ్నీని ఆమె కూతుర్ని చేసేసింది. తనకి ఇద్దరూ మగపిల్లలే కాబట్టి ఆ ముచ్చట ఇలా తీర్చుకుంటోందని ముందు సరదాగానే అనుకున్నాను. "నా బిడ్డను మీ ఇంటికిచ్చిన. అత్తవు నువ్వే. ఎట్ల చూస్కుంటవో చూస్త" అనేది నాతో. మందులు టైముకి వేయకపోతే ఆరళ్లు పెడుతున్నానట. నీళ్లు తక్కువ తాగిస్తే నీళ్లకి కూడా లెక్కలేసే అత్తనట.

కొన్ని నెలలకి ఒక ఆదివారం పొద్దున్నే ఆటో దిగింది. కర్రీ పాయింట్‌లో పనిచేసే ఆడవాళ్లు వెంట ఉన్నారు, చేతుల్లో పళ్లేలు, పళ్లేల నిండా పసుపు కలిపిన బియ్యం. వాళ్లవైపు ఒడిబియ్యం అని ఒక ఆచారం ఉంది, మావైపు లేదు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లని పుట్టింటివాళ్లు కూర్చోబెట్టి, ఆమె కొంగులో బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు పోస్తారు. నీ పుట్టిల్లు నిన్ను మర్చిపోలేదు అని చెప్పడం. న్యాయంగా అయితే తమ్ముడు అక్కకి పోయాలి.

"ఏందక్కా ఇదంత?" అన్నాడు మా ఆయన, లుంగీ బనీనుతో, మూతికి మాస్కుతో.

"పీటేస్కుని కూసో. ఒడి పట్టు."

"నేను మొగోన్నే!"

"నీకెవలు పోస్తున్నర్రా? నా బిడ్డకు పోస్తున్న. దానికి చేతులు లేవు కాబట్టి జర నువ్వు పట్టు."

లెక్కల మాస్టారు పీట మీద కూర్చుని తువ్వాలు ఒడిలో పరుచుకున్నాడు. వచ్చినవాళ్లందరి చేతులూ నేను సబ్బుతో కడిగించాను. ఇన్‌ఫెక్షన్ వస్తే కొంప మునుగుతుందని నా గోల నాది. వాళ్లు పాటలు పాడుతూ దోసిళ్లతో బియ్యం పోశారు. నేను ఖర్జూరాలూ కుడుకలూ పోసినవి పోసినట్టే ఏరి పక్కన పెట్టాను. పొటాషియం ఎక్కువ, ఆయన తినకూడదు. వదిన నావైపు గుడ్లురిమి చూసి, పక్కనున్నామెతో, "చూసినవా, పుట్టింటోళ్లు పెట్టింది ఎట్ల గుంజుకుంటున్నదో" అంది. ఆమె నిజమేననుకుని నావైపు జాలి లేకుండా చూసింది. ఒడి నింపాక బొట్టు పెట్టాలి కదా, కిడ్నీకి ఎక్కడ పెట్టాలో తెలీక, మా ఆయన బనీను పైకెత్తి కుడివైపు పొత్తికడుపు మీద, కుట్టు పక్కన కుంకుమ పెట్టింది. ఆయన సిగ్గుతో చచ్చాడు. నాకు నవ్వాగక వంటింట్లోకి పారిపోయాను. ఆమె అంటే నాకు ఒళ్లుమంట. ఆమె లేకపోతే మా ఇంట్లో నవ్వే లేదన్నది కూడా నిజం.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన బీపీ పెరగడం మొదలైంది. పాదాలు కొంచెం వాచాయి. డాక్టరు మాత్ర మార్చాడు, ఇంకోటి చేర్చాడు, రెండు వారాల్లో రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నాడు. ఇంట్లో ఉప్పు డబ్బా పై అరలోకి వెళ్లిపోయింది. అయినా బీపీ దిగలేదు. వదినకి సంగతి తెలిసి వచ్చి, ఆయన ముఖం చూసి, కాళ్లు నొక్కి చూసి, తీర్పు చెప్పేసింది.

"పిల్ల బెంగ పెట్టుకున్నది."

"వదినా, అది కిడ్నీ."

"అవు, నా కిడ్నీ. నల్లగొండ నీళ్లు తాగి, నా చేతి కూర తిని పెరిగింది. నీ ఉడకబెట్టిన సొరకాయతోని బెంగ పెట్టుకోక ఏం చేస్తది? కొత్తగ పోయిన పిల్ల సన్నబడితే ఏం చేస్తరు? పుట్టింటికి తోల్కపోతరు. నాలుగొద్దులు నా ఇంట్ల ఉంచుకుంట. బీపీ ఎట్ల దిగదో చూస్త."

నేను వద్దన్నాను. ఆమె నడుం తట్టింది. మా ఆయనేమో అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు, సొరకాయ నుంచి విముక్తి దొరికిందని. మందుల డబ్బా, బీపీ మెషీన్, ఏది ఎప్పుడు వేసుకోవాలో చెప్తూ నేను వాళ్ల వెంట ఆటోదాకా పరిగెత్తాను. "అత్త ఏడుస్తున్నది చూడు, కోడలు పోతుంటే" అని ఆటోవాడికి చెప్పింది.

అక్కడ జరిగిందంతా తర్వాత మా ఆయన చెప్పాడు. ఉప్పు విషయంలో ఆమె మోసం చెయ్యలేదట. తన జన్మలో మొదటిసారి చప్పటి కూర విడిగా వండింది. అదీ కమ్మగానే ఉందట, ఆ మాట నాతో అనకుండా ఉంటే బాగుండేది. ఉదయం, సాయంత్రం తనే మెషీన్ చేతికి చుట్టి చూసేది. అంకె ఏ పూటకాపూట ఎక్కుతోంది. నేను ఫోన్ చేస్తే మొదటిరోజు, "బ్రహ్మాండం" అంది. రెండోరోజు, "నీ మిషన్ సక్కగ లేదు" అంది. మెషీన్ తప్పని రుజువు చెయ్యడానికి దాన్ని కర్రీ పాయింట్‌కి పట్టుకెళ్లి, కూర కోసం వచ్చినవాళ్ల చేతికల్లా చుట్టిందట. బీపీ చూపించుకోనివాళ్లకి సాంబార్ లేదు. గోంగూర మటన్‌కి బాగానే ఉంది. దొండకాయకి బాగానే ఉంది. లారీ షెడ్డు నుంచి వచ్చిన వాళ్లాయనకీ బాగానే ఉంది. ఇంటికెళ్లి తమ్ముడికి చుట్టింది. నూట డెబ్బై దాటింది.

అప్పుడు ఫోన్ చేసింది. అల్లరి లేని ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి.

"మరదలా, ఇది నా కాడ గూడ మాట వింటలేదు. నీ తప్పేం లేదు. జల్ది రా."

నీ తప్పేం లేదు అని ఆమె నోటి వెంట వచ్చేసరికి స్టవ్ కట్టేసి, ఉన్న చీరతోనే బయటపడ్డాను. ఒక్క ఉదుటున వెళ్లి, నేరుగా దవాఖానకి తీసుకెళ్లిపోయాం.

కిడ్నీ డాక్టరు నెమ్మదైన మనిషి. రక్తపరీక్ష చూశాడు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ బాగా పెరిగింది. "కొత్త బీపీ మాత్ర మొదలుపెట్టాక ఇలా ఎగిరిందంటే, నాకు రక్తం వెళ్లే దారి మీదే అనుమానం" అని, మా ఆయన్ని పడుకోబెట్టి, కుట్టు పక్కన స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాడు. వదిన ఊరుకోలేదు. "నాకూ వినిపియ్యండి సార్, నాది కదా" అంది. ఆయన నవ్వి గొట్టాలు ఆమె చెవుల్లో పెట్టాడు.

"గిదేంది, పైపు మూతికి ఏలు అడ్డం పెట్టినట్టు సుయ్ సుయ్‌మంటున్నది?"

"అదేనమ్మా మన అనుమానం" అన్నాడాయన.

డాప్లర్ అనే స్కానింగ్ చేశారు. తెర మీద రక్తం ఎర్రగా, నీలంగా కదులుతోంది, ఒకచోట మాత్రం రంగులన్నీ కలగాపులగంగా ఎగిసిపడుతున్నాయి. కిడ్నీకి రక్తం తెచ్చే ధమని అక్కడ సన్నబడిందన్నారు. దారి ఇరుకైనచోట రక్తం వేగంగా దూకుతుంది, ఆ వేగాన్ని చూసే ఇరుకెంతో అంచనా వేస్తారు. లెక్కల మాస్టారు అంత నీరసంలోనూ తలూపాడు. వదినకి కావలసింది వేరు.

"ఇరుకైంది మా దిక్కుదా, ఆయన దిక్కుదా?"

"రెండూ కలిపి కుట్టినచోటమ్మా. కొందరికి మానేటప్పుడు అక్కడ గట్టిపడుతుంది. ఎవరి తప్పూ కాదు."

"అంటే పిల్ల మంచిదే, పిల్లగాడు మంచోడే. వియ్యంకుల కాడ వచ్చింది లొల్లి" అంది నావైపు తిరిగి.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. కిడ్నీకి రక్తం సరిగ్గా అందటం లేదు. దాంతో అది ఒంట్లోనే బీపీ పడిపోయిందనుకుని, పెంచు పెంచమని లోపలి నుంచి సంకేతాలు పంపుతోంది. అందుకే మాత్రలు ఎన్ని వేసినా బీపీ దిగటం లేదు.

"ఆకలికి అరుస్తున్నదన్నట్టు" అంది వదిన. "చెప్పలే నేను? కడుపు మాడ్చింది మా మరదలు!" ఆ పరిస్థితిలో కూడా. డాక్టరు ముందే ఆమె జడ పట్టుకుని లాగాలనిపించింది.

ఉపాయం ఉందన్నాడు. తొడ మొదట్లోంచి సన్నటి తీగ పంపి, ఇరుకైన చోట చిన్న బెలూన్ ఉబ్బించి దారి వెడల్పు చేస్తారు. మళ్లీ మూసుకోకుండా స్టెంట్ అనే జాలీ గొట్టం పెడతారు. తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. చెయ్యడంలో కొంత ప్రమాదం ఉంది. ధమని చీరవచ్చు, రక్తం గడ్డకట్టవచ్చు. అరుదుగానైనా, కిడ్నీయే పోవచ్చు. చెయ్యకుండా వదిలేస్తే మాత్రం మెల్లమెల్లగా పోవడం దాదాపు ఖాయం.

మా ఆయన వద్దన్నాడు. వార్డులో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, నేను ఎంత చెప్పినా ఒకటే మాట. "మాత్రలతోనే ఎన్నాళ్లు గడిస్తే గన్నాళ్లు. బల్ల మీద పోతే అక్క మొఖం ఎట్ల చూడాలె?" బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. ఆయన కదల్లేదు. ఆయనకి చావంటే భయం కాదు, అక్క ఇచ్చినదాన్ని పాడుచేశాననిపించుకోవడమంటే భయం. నాకు చచ్చేంత కోపం వచ్చింది, ఆయన మీద కాదు, వదిన మీద. ఊరందరి ముందూ నా కిడ్నీ, నా బిడ్డ అని డప్పు కొట్టి కొట్టి ఈ మనిషిని ఇలా చేసింది. ఆ మాట ఆమెతో అనేశాను, వరండాలో, నలుగురూ వింటుండగా. ఆమె కొంగు బిగించి దోపుకుంది. లోపలికి వెళ్లి ఆయన మంచం మీద కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఒరేయ్, ఇటు తిరుగు."

ఆయన తిరగలేదు.

"నా కిడ్నీ నా కిడ్నీ అంటే నిజమే అనుకున్నవారా? లెక్కల సారువు, గింత తెల్వదా? పరాచికమాడిన. ఇచ్చిననాడే అది నీదైంది. ఉంటే నీకుంటది, పోతే నీది పోతది. నాదేం పోతది? నాది నా కాడనే ఉన్నది."

ఆమె ఎడమచెయ్యి ఒళ్లోనే ఉంది. తట్టలేదు.

"నువ్వు దాచిపెట్టుకుంటవని ఇయ్యలేదు తమ్మీ. బతుకుతవని ఇచ్చిన. దానికి భయపడుకుంట పండుకునుడు బతుకుడా? లే, సంతకం పెట్టు. పోయిందే అనుకో, డయాలసిస్‌కి నేనే తోల్కపోత. టిఫిన్ గూడ కట్టిస్త, మీ ఆవిడ చేసినట్టు ఉప్పు లేకుంట."

ఆయన ఏడుస్తూనే నవ్వాడు. నర్సు కాగితాలు తెచ్చింది. ఆయన్ని తోసుకెళ్లాక వదిన నాతో వరండాలోకి వచ్చి, గోడకానుకుని కింద కూలబడిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

"నాదేం పోతది అన్న గానీ మరదలా, గది పోతే నేను బతుకుతనా? మళ్ల ఇద్దామంటె ఇంకోటి లేకపాయె."

ఆమె పక్కన నేనూ నేలమీదే కూర్చున్నాను. చివరికి డాక్టరు బయటికొచ్చి, మాస్కు దించి, బాగా జరిగిందన్నాడు. ముందు బొమ్మా, తర్వాతి బొమ్మా పక్కపక్కన చూపించాడు. ముందు దారంలా ఉన్నచోట తర్వాత నిండుగా, కిడ్నీ కొసలదాకా రక్తం కొమ్మలు వేసుకుని పాకింది. వదిన రెండు చేతులూ ఎత్తి డాక్టరుకి దండం పెట్టింది. అలా పెట్టిందో లేదో, నావైపు తిరిగి, "మొత్తానికి నా కిడ్నీ గట్టిదే" అంది.

"మీది కాదన్నారుగా ఇందాక?"

"అది వానికి చెప్పిన మాట. నీకు చెప్పిననా?" అని నడుం తట్టుకుంది.

బీపీ దిగింది, మాత్రలు తగ్గాయి, క్రియాటినిన్ మళ్లీ దారికొచ్చింది. ఆయన పాఠాలకి వెళ్లడం మొదలుపెట్టాడు. అయితే అప్పట్నుంచీ నాకో కొత్త శిక్ష పడింది. రోజూ పొద్దున్నే ఆయన బీపీ చూసి ఆమెకి ఫోన్‌లో చెప్పాలి. అటు పోపు చిటపటలు, గిన్నెల మోతల మధ్య, "ఎంతున్నది?" అని అరిచేది. చెప్పేదాన్ని. ఎంత చెప్పినా వంకే. "కింది నంబర్ జర ఎక్కువున్నది, నిన్న ఏం కూర వండినవ్?" లేకపోతే, "గింత తక్కువేంది, తిండి పెడ్తలేవా?" మరీ సరిగ్గా ఉంటే, "అబద్ధం చెప్తున్నవ్" అనేది. కొన్నిరోజులు ఆమెతో పడలేక నేనే ఆయనతో, "మీ అక్కకి మీరే చెప్పుకోండి" అనేదాన్ని. ఆయన చెప్తే ఆమె వినేది కాదు. "అత్తను పిలువు" అనేది.

పోయినేడాది ఒక పొద్దున ఫోన్ ఆమె దగ్గర్నుంచే వచ్చింది. మాట్లాడింది ఆమె కాదు, కర్రీ పాయింట్‌లో పనిచేసే ఆమె. వదిన పప్పులో పోపు వేసి, చెమట పడుతోందని స్టూలు మీద కూర్చుందట. గుండె ఆగిపోయింది. దవాఖానకి తీసుకెళ్లేలోపే అయిపోయింది. ఆమెకున్న ఆ ఒక్క కిడ్నీ చివరిదాకా నిక్షేపంలా ఉంది, ఆ నెలే పరీక్ష చేయించుకుంది కూడా.

ఎల్బీ నగర్‌లో ఆమె ఇంటి ముందు సందంతా జనం. గోంగూర మటన్లూ దొండకాయలూ బస్తీ బస్తీ అంతా వచ్చి ఏడుస్తున్నారు. ఆమెని హాల్లో చాప మీద పడుకోబెట్టారు. మా ఆయన గోడవారగా కూర్చున్నాడు. ఏడవటం లేదు, ముఖం మాత్రం కందగడ్డలా ఎర్రబడింది. నాకు భయం వేసింది. ఆ దుఃఖానికి బీపీ ఎక్కడికి పోతుందో, ఆ స్టెంట్ ఏమవుతుందో. ఆయన మందుల టైము కూడా అయింది. నీళ్లిచ్చి మాత్రలు మింగించాను. సంచిలోంచి మెషీన్ తీసి చేతికి చుట్టాను. ఊరినుంచి వచ్చిన పెద్దామె ఒకావిడ, "చావింట్ల ఏందమ్మ గిది? జర్ర ఆగరాదు?" అంది. ఆగలేదు. అంత ఏడుపులో ఆ మెషీన్ బుస్సుమంటూ బిగుసుకుంటుంటే అందరూ నన్నే చూస్తున్నారు. చూడనీ.

నూట ఇరవై ఆరు, ఎనభై. ఒక్క వంక పెట్టడానికి లేదు. ఇల్లంతా గుండెలు బాదుకుంటుంటే అదొక్కటే, లోపల, తన పని తాను చేసుకుపోతోంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ అంకె చూసి నాకు తన్నుకొచ్చింది.

"ఎంతున్నది?" అన్నాడాయన.

చెప్పాను.

"అక్కకు చెప్పు" అన్నాడు, రోజూ అన్నట్టే. అన్నాక ఏమన్నాడో ఆయనకి తెలిసింది.

నేను లేచి ఆడవాళ్లని జరుపుకుంటూ వెళ్లి, ఆమె తల దగ్గర కూర్చున్నాను. చెవి దగ్గరికి వంగి, "నూట ఇరవై ఆరు, ఎనభై వదినా" అని చెప్పాను. కాసేపు అలాగే వంగి ఉన్నాను. నిన్న ఏం కూర వండినవ్ అని ఆమె అడగలేదు.